చేపకు కన్నెంతో కడుపంత

మా ఇంటామె చనిపోయింది. ఈ చలికాలం మొదట్లో ఒక పొద్దున వాకిలి ఊడ్చి, లోపలికి వస్తూ గడప దగ్గర కూర్చుంది. మళ్లీ లేవలేదు. దవాఖానకు తీసుకెళ్లేసరికే అయిపోయిందన్నారు. గుండె అన్నారు. అంతకు మించి చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు.

ఇది చదివే సిద్దిపేట వాళ్లలో కొందరి ఇళ్లకు ఆమె వచ్చే ఉంటుంది. పేరు చెబితే గుర్తుపట్టరు. చేపలామె అంటే గుర్తుపడతారు. అమ్మడానికి వచ్చేది కాదు. మూత తీసిన టిఫిన్ గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో వేలిగోరంత చేపలు. "మీ డ్రమ్ముల ఏస్తనమ్మా, దోమలు కావు" అంటూ గుమ్మం బయటే నిలబడేది. లోపలికి పిలిస్తేనే వచ్చేది.

ఇది ఎట్లా మొదలైందో ముందు చెప్పాలి. మాకు ఒక బిడ్డ ఉండేది. మూడో తరగతిలో ఉండగా, ఒక వానాకాలం, జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లాం. రక్తం ఎక్కించారు, కణాలు ఎక్కించారు. బిడ్డ దక్కలేదు.

తర్వాత కొన్నాళ్లకు మలేరియా విభాగం నుంచి ఒకాయన మా వీధికి వచ్చాడు. ఇంటింటికీ తిరిగి నిలవ నీళ్లు చూస్తున్నాడు. అప్పట్లో మా వీధిలో నల్లాలు నేలకు పైన ఉండేవి కావు. నీళ్లు ఎత్తుకు ఎక్కవని గుంత తవ్వి, అందులో నల్లా పెట్టుకునేవాళ్లం. బిందె కిందికి దించి పట్టుకోవాలి. ఆ గుంతలో జానెడు నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండేవి. చూడటానికి తేటగా ఉండేవి. ఆయన అందులోంచి గరిటెడు నీళ్లు తీసి వెలుతురులో పెట్టాడు. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"దోమలు మురికి నీళ్లల గద సార్ అయ్యేది?" అని అడిగింది ఆమె.

"ఈ జ్వరం దోమ తేట నీళ్లలనే గుడ్లు పెడతదమ్మా."

ఆమె ఆ గరిటెను చాలాసేపు చూసింది. బిడ్డను రోజూ స్నానానికి కూర్చోబెట్టింది ఆ గుంత పక్కనే. మా ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. మేమూ చెప్పలేదు. ఆయన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో బూడిదరంగు చేపలు. గంబూసియా అంటారని చెప్పి గుంతలో వదిలాడు.

"వీటికి ఏం పెట్టాలె?"

"ఏం పెట్టద్దమ్మా. ఆకలుంటెనే పురుగులు తింటయి."

ఆ తర్వాత ఆమె నాతో బిడ్డ గురించి మాట్లాడటం తగ్గించింది. చేపల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను విన్నాను. మేమిద్దరం అట్లా బతికాం.

మా పెరట్లో నీళ్ల కోసం మా బాపు కట్టించిన సిమెంటు హౌజు ఉంది. నడుమెత్తు ఉంటుంది. చేపలు పెరిగిన కొద్దీ కొన్నిటిని అందులోకి మార్చింది. ఒకసారి బజారులో తోక పొడుగ్గా ఉన్న బంగారు రంగు చేపలు చూసి, ముచ్చటపడి కొనుక్కొచ్చి అందులోనే వేసింది. తెల్లారి చూస్తే వాటి తోకలు పీలికలయ్యాయి. పాత చీర అంచుల్లా వేలాడుతున్నాయి. గంబూసియాలు కొరికేశాయి. మధ్యాహ్నానికల్లా బంగారు చేపలు చనిపోయాయి. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చింది. గంబూసియాలను నల్లా గుంతకు, డ్రమ్ములకు, కూలరుకు పంపింది. హౌజులో గప్పీలనే రంగు చేపలు పెంచింది. ఎర్ర తోకలవి, నీలి మచ్చలవి, పసుపు మీద నల్ల చుక్కలవి. గంబూసియాలను "పనోళ్లు" అనేది. గప్పీలను "సోకోళ్లు" అనేది. సోకోళ్లు కూడా దోమ పురుగులను తింటాయి, కాకపోతే కొంచెం తీరిగ్గా.

"పనోళ్లు చాలవా? సోకోళ్లు ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"పనోళ్లను చూసుడానికి గుంతలకు ఎవరు వంగుతరు? రంగుంటె పిల్లలు వంగి చూస్తరు. పిల్లల ఎంబడి తల్లులు చూస్తరు. రోజు చూసే నీళ్లల పురుగు వడితె తెల్వకపోదు."

తర్వాత కూడా ఈ మాట చాలాసార్లు గుర్తొచ్చింది. మా గుంతలోకి మేం వంగి చూడలేదు.

రంగు ఊరికే నిలవదని ఆమె దగ్గరే తెలుసుకున్నాను. ప్రతి ఈతలోనూ రంగు తగ్గిన మగచేపలను చాయ్ వడపోసే జాలితో తీసి వేరే గోలెంలో వేసేది. బాగా రంగు తేలినవాటినే హౌజులో ఉంచేది. "ఏరుకుంట ఉండాలె. ఊకుంటె నాలుగు ఈతలకే అన్ని మట్టి రంగుకు పోతయి" అనేది. ఆ పని మీద ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు. హౌజు అంచు మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి, నీళ్లను పక్క నుంచి చూసేది. ఆమె అంత అందంగా ఉన్న సందర్భాలు నాకు ఎక్కువ గుర్తులేవు.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. కడుపుతో ఉన్న చేపను ఆమె ఒక గాజు సీసాలోకి మార్చి, అందులో నాచు వేసేది. ఒకనాడు నేను చూస్తుండగానే చేప ఈనింది. కంటి రెప్ప వెంట్రుకంత పిల్లలు. వెంటనే తల్లిని జాలితో తీసేసింది.

"కొంచెం సేపన్న ఉండనియ్యరాదు?"

"తింటది."

"తల్లే?"

"ఆ. దానికి తెల్వది గదా."

అంతే అంది. జాలి కడిగి ఎండలో పెట్టింది. ఆ మాట ఆమె ఇంకా చాలాచోట్ల అనేది. ఎవరింట్లోనైనా డ్రమ్ము మూత ఎత్తి చూసి, లోపల పురుగులుంటే తిట్టేది కాదు. "తెల్వది గదా" అనేది. ఆ ఇంటివాళ్ల తరఫున తనే ఒక మాట చెప్పుకున్నట్టు ఉండేది.

ఒక ఇంటావిడకు మాత్రం కోపమొచ్చింది. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను.

"మా ఇంట్ల దోమలున్నయని ఊరంత చాటడానికి వచ్చినవా? మీ ఇల్లు మంచిగ పెట్టుకో ఫస్టు."

"మా ఇంట్లనే ఉండెనమ్మా," అంది మా ఆమె. "మాకు తెల్వకుండె."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆ ఇంటావిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. డ్రమ్ములో చేపలు వేశాక చాయ్ కూడా పోసింది.

ఆమెను ఎప్పుడూ దిగులుగా ఉండే మనిషి అనుకోవద్దు. వాళ్ల పుట్టిల్లు చిన్నకోడూరు. బస్సులో వెళ్లినా ఒళ్లో గిన్నె ఉండాల్సిందే. ఒకసారి కండక్టరు, "ఏందమ్మా గిన్నెల? కూర ఒలికితె బస్సంత ఆగమైతది" అన్నాడు. "కూర కాదు, పోలీసులు" అంది. అతను వంగి చూశాడు. "గీ పోలీసులకు టికెట్ వద్దా?" అన్నాడు. "డ్యూటీ మీద పోతున్నరు, పాస్ ఉంటది" అంది. బస్సంతా నవ్వింది. ఆ ఊళ్లో మాత్రం చెరువులో వేస్తామంటే ఒప్పుకోలేదు. "పనోళ్లను చెరువుల ఇడువద్దు. మన చేపల గుడ్లు, పిల్లలు అన్ని తింటయి. గుంతలకే, డ్రమ్ములకే" అని, అందరి ముందు గిన్నెకు మూత పెట్టేసింది.

సాయంత్రం సోకోళ్లకు కొంచెం తిండి పెట్టేది. అది నేను రోజూ చూసిన దృశ్యం. గాజులతో హౌజు అంచు మీద టక్కుటక్కుమని కొట్టేది. ఆ చప్పుడుకు చేపలన్నీ ఒక్కచోటికి వచ్చేవి. ఎర్రవి, నీలివి, పసుపువి. చిటికెడు పిండి, అంతే. పక్కింటి ఖాలా మనవలు వచ్చి గుప్పెడు వేయబోతే చెయ్యి పట్టుకునేది.

"చేపకు కన్ను ఎంతనో కడుపు అంతనే బిడ్డా. దాని కన్ను సూడు, ఎంతుంది? గంతే పెట్టాలె. ఎక్కువ పెడితె నీళ్లు మురుగుతయి. ఊపిరాడక చస్తయి."

ఖాలా మా కంటే పెద్దావిడ. ఈ వీధిలో మా ఇంటి మంచీ చెడూ తెలిసిన మనిషి. ఆమె ద్వారానే మా వీధి చివర మసీదులోని హౌజుకు కూడా ఒక గిన్నెడు చేపలు వెళ్లాయి. నమాజుకు ముందు వజూ చేసే, అంటే కాళ్లు చేతులు కడుక్కునే హౌజు అది. చాలా ఏళ్ల కిందటి మాట. ఆ సంగతి నేను మరిచిపోయాను.

ఈ మధ్య వీధిలో కొత్త పైపులు వేశారు. నల్లా గుంతలు పూడ్చేశారు. నీళ్లు రోజూ వస్తున్నాయి కనుక డ్రమ్ములు పోయి, మిద్దెల మీద మూతలున్న నల్ల ట్యాంకులు వచ్చాయి. "పనోళ్లకు పని వోయింది" అని నవ్వింది. మిగిలింది హౌజు ఒక్కటే, అందులో సోకోళ్లు. ఆమె పోయిన పొద్దున కూడా అవి అందులో ఉన్నాయి. ఇంట్లో ఏడుపులు మొదలైనప్పుడు నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. అవి మామూలుగానే తిరుగుతున్నాయి.

ఇక దినాల నాటి సంగతి.

ఆమెకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, మిద్దె మీద పిట్టకు పెట్టాం. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. చాలాసేపు చూశారు. కాకి రాలేదు. నేను ఇంటి ముందు టెంటు కింద మగవాళ్లతో కూర్చున్నాను. మిద్దె మీది మాటలు కిందికి వినిపిస్తూనే ఉన్నాయి.

"కాకులన్ని యాడ వోయినయిరా?" మా చిన్నాయిన గొంతు.

"కోతులొచ్చినంక కాకులు యాడివే? గాడ చూడు, గోడెక్కి కూసున్నయి. కట్టె పట్టుకోని ఉండున్రి." ఇంకెవరో అన్నారు.

"దాని మనసుల ఏదో ఉండిపోయింది." ఈ గొంతు మా వదినది, మా ఇంటామె అక్క. చెల్లెతో ఎదురుగా మాట్లాడినట్టే మాట్లాడుతోంది. "ఏం గావాలె చెల్లె? మరిదిని మేం సూసుకుంటం. నీ బిడ్డ తానికే పోయినవు గద, ఇంకేం రంది నీకు? రా, వచ్చి ముట్టు."

ఎండ నెత్తికెక్కింది. కూర చల్లారిపోయింది. పిల్లలు ఆకలికి మారాం చేస్తున్నారు. చివరికి చిన్నాయినే అన్నాడు.

"ఇగ ఎంతసేపని సూస్తం? ఆవుకన్న పెట్టున్రి, నీళ్లలనన్న ఇడువున్రి. నీళ్లల జీవి ముట్టినా ముట్టినట్టే."

"నీళ్లు అంటివి గద మామా," అంది వదిన. "నా చెల్లె నీళ్లు కిందనే ఉన్నయి."

విస్తరి తీసుకుని పెరట్లోకి దిగారు. ఒక మెతుకు పడిందో లేదో, చేపలన్నీ నీళ్ల మీదికి వచ్చి నోళ్లు తెరిచాయట. "ముట్టింది! ముట్టింది!" అని ఆడవాళ్లంతా ఒక్కసారి ఏడ్చారు. ఆ కేక నాకూ వినిపించింది. నా పక్కనున్న వాళ్లు, "పోనీ, ముట్టింది" అని లేచి చేతులు కడుక్కున్నారు. ఆమె పోయినప్పటి నుంచి నేనూ మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకున్నాను.

పెరట్లో ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెల్లారి తెలిసింది. ఆమెకు అన్నం పెట్టే చివరి అవకాశమని, వచ్చిన ప్రతి చుట్టమూ ఒక ముద్ద వేసింది. అన్నం, మటన్ కూర, గారె ముక్క, పాయసం. చేపలు నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి, వాళ్లు వేస్తూనే ఉన్నారు. ఎవరో కల్లు కూడా ఒక చుక్క వదిలారట. అందరూ ఏడుస్తూ పెట్టారు. అందరూ ప్రేమతోనే పెట్టారు.

తెల్లారి హౌజు నీళ్లు తెల్లగా విరిగినట్టున్నాయి. పైన నూనె తెట్టె కట్టింది. వాసన వస్తోంది. తెట్టె కింద ఎర్రవి, నీలివి, పసుపువి, అన్నీ పక్కకు ఒరిగి తేలుతున్నాయి. రంగులు ఇంకా పోలేదు. ఆ చాయ్ జాలి వెతికి తెచ్చి, ఒక్కొక్కటీ తీశాను. బతికినది ఒకటైనా ఉంటుందని అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాను. లేదు. నాచులో దాగిన పిల్లలు కూడా లేవు. అన్నిటినీ మల్లెపాదులో పెట్టి మట్టి కప్పాను.

వదిన లేచి వచ్చి చూసింది. నెత్తి కొట్టుకుంది.

"నా చేతులతోటే పెట్టిన మరిదీ. అది పాణంగ పెంచుకున్నయి. నా చేతులతోటే సంపిన."

"ఊకో వదినా," అన్నాను. "ఆమె ఉంటె ఏమంటుండె? తెల్వది గదా అంటుండె."

ఆ మాటతో వదిన ఇంకా గట్టిగా ఏడ్చింది. ఓదార్చడం నాకు ఎప్పుడూ సరిగా రాలేదు. ఆ పని ఆమెదే.

అందరూ వెళ్లిపోయారు. నేను హౌజు కడిగి, మళ్లీ నీళ్లు నింపాను. ఎందుకు నింపానంటే చెప్పలేను. ఖాళీ హౌజు చూడలేకపోయాను. కొన్నాళ్లకు ఒక పొద్దున మొహం కడుక్కుంటూ నీళ్లలోకి చూశాను. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆ మలేరియా ఆయన గరిటెలో చూసినవే. ఆ రోజు తర్వాత మా ఇంటి నీళ్లలో వాటిని మళ్లీ చూడటం అదే మొదటిసారి.

ఖాలా గోడ అవతలి నుంచి చూస్తూ ఉంది.

"బేటా, హౌజు ఖాళీ చెయ్యి. దోమలు మస్తయినయి. పిలగాండ్లున్నరు."

"చేస్త ఖాలా. ఒక్క వారం ఆగు. చేపలు దొరుకుతయేమో చూస్త."

"మలేరియా ఆఫీసోళ్లను అడిగితె ఇస్తరు గద?"

ఇస్తారు. బూడిదరంగు గంబూసియాలు ఇప్పటికీ ఇస్తారు. నాకు కావలసినవి అవి కావు. ఆమె చేత్తో పోసిన చేపల సంతానం ఏ ఇంట్లోనైనా ఉంటే, ఒక జత తెచ్చుకోవాలనుకున్నాను. ఆమెవి అని చెప్పుకోదగ్గవి ఈ లోకంలో ఇంకా బతికి ఉన్నాయా లేవా, అదే నాకు కావాలి. ఆమె టిఫిన్ గిన్నె పట్టుకుని తిరిగాను. అందరూ కూర్చోమన్నారు, చాయ్ ఇచ్చారు, ఆమెను తలుచుకున్నారు. చేపలు మాత్రం ఎవరింట్లోనూ లేవు. డ్రమ్ము తీసేశామన్నారు. గుంత పూడ్చామన్నారు. ట్యాంకులో బ్లీచింగు వేస్తే చనిపోయాయన్నారు. చిన్నకోడూరు కూడా వెళ్లొచ్చాను. అక్కడా అదే మాట. ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగి వచ్చాను. ఈసారి కండక్టరు ఏమీ అడగలేదు.

వారం అయిపోయింది. హౌజు ఖాళీ చేద్దామని పైపు మూత విప్పబోతుంటే ఖాలా వచ్చింది.

"మజ్జిదు హౌజుల సూసినవా బేటా?"

చూడలేదు. ఖాలా గుర్తు చేస్తేనే గుర్తొచ్చింది. సాయంత్రం పూట అసర్ నమాజు అయ్యాక వెళ్లాను. అక్కడ అజాన్ చెప్పే ముసలాయన నా చేతిలో గిన్నె చూసి ముందే అన్నాడు.

"అమ్మగారియే సార్. రాండ్రి. మేం ఏం ఎయ్యలే, ఏం తియ్యలే. వాటి అంతల అవే ఉన్నయి."

వంగి చూశాను. ఉన్నాయి. చాలా ఉన్నాయి. అన్నీ ఒకే రంగు. మట్టి రంగు.

"రంగు లేదు," అన్నాను.

"ఎప్పుడో వోయింది సార్. మొదట్ల మస్తు కలర్లుండె, పిలగాండ్లు వజూ ఇడిసిపెట్టి గివిట్నే సూస్తుండిరి. ఇప్పుడు నీళ్లేందో చేపేందో తెలుస్తలేదు. కాని సార్, దోమ మాత్రం ఒక్కటి లేదు. చల్లగ కూసుంటం."

ఆయనే లోటాతో ముంచి నా గిన్నెలో పోశాడు. గుమ్మం దాకా వచ్చి, "అల్లా ఆమెను మంచిగ సూడాలె" అన్నాడు. నేను తల ఊపాను.

వాటిని తెచ్చి హౌజులో వంచాను. సిమెంటు రంగు, వాటి రంగు ఒకటే. దిగిన వెంటనే కనిపించకుండా పోయాయి. వాటిలో ఒక్కటైనా తోక చివర ఎర్ర చుక్కతో పుడుతుందేమో నాకు తెలియదు. ఏరడానికి ఆమె కన్ను నాకు లేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా, ఏ గోలెంలోనైనా, ఆమె పోసిన రంగు చేప ఇంకా ఉంటే బాగా చూసుకోండి. ఎక్కువ తిండి పెట్టకండి.

ఆ సాయంత్రం ఆమె నిలబడే చోట నిలబడ్డాను. ఆమె గాజులు ఆమెతోనే పోయాయి. తాళంచెవితో అంచు మీద టక్కుటక్కుమని కొట్టాను. చేపలు పైకి రాలేదు. ఇంకా లోతుకు పోయాయి. ఆ చప్పుడు వాటికి కొత్త. వాటికి తెల్వది గదా.

వేళ్ల మధ్య చిటికెడు పిండి ఉంది. వెయ్యలేదు. అట్లాగే పట్టుకుని నీళ్లు చూస్తూ ఉన్నాను. దోమ పురుగు ఒకటి నీళ్ల పైన తలకిందులుగా వేలాడుతోంది. చూపు దాని మీదే పెట్టాను. వెలుతురు తగ్గుతోంది. ఖాలా ఇంట్లో లైటు వేశారు. ఏదీ రాలేదు. ఇక లోపలికి పోదామనుకున్నాను. అప్పుడు వాన చుక్క పడ్డట్టు నీళ్లు ఒకచోట చిన్నగా కదిలాయి. మళ్లీ చూస్తే పురుగు లేదు.